పదకొండో నంబరు పడితే

(దివిసీమలోని పొదుపు సంఘాలు, మత్స్యకార సంఘాలు, యువజన సంఘాలు, ఆలయ కమిటీలు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మన సభల్లో ముందు వరుసను పెద్దవాళ్ళ కోసమని వదిలేస్తాం, ఆ పెద్దవాళ్ళు రారు. రండమ్మా, కూర్చోండి. బాబూ, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. తుపాను గురించి మాట్లాడడానికి వచ్చి ఫ్యాను గాలికే ఓడిపోతే బాగుండదు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మచిలీపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్తల్లో వింటూ ఉంటాం కదా. మూడో నంబరు అంటారు, అయిదో నంబరు అంటారు. అన్నిటికన్నా పెద్ద నంబరు ఏది?

పది. అందరూ పదే అంటున్నారు. మత్స్యకార సంఘం వాళ్ళు కూడా పదే అన్నారు. ఇంకెవరైనా? అదిగో, ఆ తలుపు దగ్గర కూర్చున్న తాత పదకొండు అన్నారు. సరిగ్గా చెప్పారు. పదకొండో నంబరు కూడా ఉంది.

ఈ నంబర్ల గురించి మనకు ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఎనిమిది కన్నా తొమ్మిది పెద్దది, తొమ్మిది కన్నా పది పెద్దది అనుకుంటాం. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ఒకే తీవ్రత. మూడూ పెను ప్రమాదమే. తేడా దిక్కులో మాత్రమే ఉంది. తుపాను ఓడరేవుకు ఒక పక్కగా దాటుతుందా, రెండో పక్కగా దాటుతుందా, ఓడరేవు మీదుగానే దాటుతుందా అన్నది. అయిదు, ఆరు, ఏడు కూడా అంతే. కాబట్టి ఎనిమిదేగా వేశారు, ఇంకా రెండు మెట్లు ఉన్నాయిలే అని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి పదకొండు ఏమిటి? గాలి ఇంకా పెరిగిందని కాదు. తుపాను హెచ్చరికల కేంద్రంతో ఓడరేవుకు సంబంధం తెగిపోయిందని అర్థం. ఇక పైనుంచి కబురు రాదు. ఇక్కడ ఉన్న అధికారి తన కళ్ళతో ఆకాశం చూసి, సముద్రం చూసి, ప్రమాదం ఉందని తానే నిర్ణయించుకున్నాడని అర్థం.

ఈ రోజు నేను మాట్లాడేది ఆ పదకొండో నంబరు గురించే. మొదటి పది నంబర్లకు ప్రభుత్వం ఉంది, టీవీ ఉంది, ఫోనులో పెద్దగా మోగే హెచ్చరికలు ఉన్నాయి. పదకొండు పడిన రోజున ఎవరున్నారు? మీ వీధి, మీ సంఘం.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఇక్కడ తల నెరిసినవాళ్ళకు ఆ తేదీ చెప్పనక్కర్లేదు. నాకు అప్పుడు పదమూడేళ్ళు. సముద్రమే లేచి వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిందని తరవాత లెక్క కట్టారు. తాటిచెట్టంత అల అని మన వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఈ ఊళ్ళ పేర్లు పలికితే చాలు, మీలో కొందరి ముఖాలు మారిపోతున్నాయి, నాకు కనిపిస్తూనే ఉంది. దాని గురించి ఎక్కువ చెప్పను.

ఒక్కటి మాత్రం చెబుతాను. ప్రభుత్వ లెక్కలో పోయినవాళ్ళు పది వేల దాకా. ఊళ్ళలో చెప్పుకునే లెక్క వేరు, అంతకన్నా ఎక్కువ. ఆ రెండు లెక్కలకూ మధ్య ఎందుకు అంత తేడా వచ్చింది? మా ఊరి సంగతి చెబుతాను. అప్పుడు కోతల రోజులు. బయటి ఊళ్ళ నుంచి కూలీలు వచ్చి చేల గట్ల మీద, పాకల్లో ఉన్నారు. నీళ్ళు తీశాక ఎంతమంది కనబడడం లేదని అధికారులు వచ్చి అడిగారు. మా ఊరివాళ్ళ పేర్లు చెప్పగలిగాం. వచ్చిన కూలీలు ఎంతమందో ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ళను పిలిపించిన రైతు కూడా పోయాడు. ఇరవై మంది అని ఒకరన్నారు, నలభై అని ఒకరన్నారు. ఎక్కడా ఒక కాగితం ముక్క లేదు. మనిషి పోవడం ఒక ఎత్తు, పోయినట్టు ఎవరికీ తెలియకపోవడం ఇంకో ఎత్తు. బతికి ఉంటే మాత్రం? ఎక్కడ వెతకాలో ఎవరికి తెలుసు?

సంఘం సిద్ధంగా ఉండడం అంటే నా దృష్టిలో అన్నిటికన్నా ముందు ఆ కాగితం. తరవాతే తాళ్ళు, టార్చిలైట్లు, టార్పాలిన్లు.

ఇప్పుడు జాబితాలకు ఏం తక్కువండీ, అన్నీ ఫోనులో ఉన్నాయి అంటారు. సరే, 2014 అక్టోబరు 12 నాటి తుపానుకు వెళదాం. హుద్‌హుద్. మా అమ్మాయి కాన్పుకని విశాఖపట్నం వెళ్ళాను. ఆ కాలనీలో నివాసుల సంఘం చాలా పద్ధతిగా ఉండేది. కార్యదర్శిగారి కంప్యూటర్లో ప్రతి ఇంటి వివరాలు ఉన్నాయి. ముసలివాళ్ళు ఎవరు, గుండె జబ్బు ఎవరికి, ఎవరి రక్తం ఏ గ్రూపు, అన్నీ రంగు రంగుల గళ్ళలో. నాకు చూపించి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. మా ఊరికి వెళ్ళాక ఇలాగే చేయాలనుకున్నాను.

పన్నెండో తేదీ ఉదయానికి కరెంటు పోయింది. కాసేపటికి ఫోను టవర్లు పోయాయి. ఇక ఆ గళ్ళన్నీ ఎక్కడ ఉన్నాయి? కంప్యూటరు పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరుచుకోదు. కొన్ని వీధులకు కరెంటు రావడానికి రోజులు పట్టింది.

ఇంకొక సంగతి, ఇది మీరంతా తప్పకుండా గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజు మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య ప్రశాంతంగా ఉండే భాగం, మా మీదుగా వెళుతోంది. వాన లేదు, గాలి లేదు. అమ్మయ్య, అయిపోయింది అని జనం బయటికి వచ్చారు. ఒకాయన తన కారు మీద చెట్టు పడిందేమో చూసుకోవడానికి వెళ్ళాడు. పిల్లలు విరిగిపడిన కొమ్మలు ఏరుతున్నారు. దివిసీమ నుంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు తెలుసు, లోపలికి రండి, లోపలికి రండి అని అరిచాను. కొత్తగా వచ్చిన ముసలావిడ ఎవరో అరుస్తోందనుకున్నారు. కాసేపటికి గాలి మళ్ళీ మొదలైంది, అదీ ఎదురు దిక్కు నుంచి. మొదటి గాలికి ఒరిగి నిలిచిన చెట్లు రెండో గాలికి పడిపోయాయి. మధ్యలో గాలి ఆగితే ఎవరూ బయటికి రాకూడదు. ఈ ఒక్క మాట మీ వీధిలో పిల్లలందరికీ ఎక్కాల్లాగా నేర్పించండి.

కార్యదర్శిగారి కథ ఇంకా అయిపోలేదు. సంఘం తరఫున ముందుగానే బియ్యం, కందిపప్పు కొని పెట్టారు. మంచి పనే. ఎక్కడ పెట్టారు? అధ్యక్షులవారి ఇంటి కింద గదిలో. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? అధ్యక్షులవారి దగ్గర. అధ్యక్షులవారు ఎక్కడున్నారు? పెళ్ళికని రాజమండ్రి వెళ్ళారు. ఫోను కలవదు. మేం పద్నాలుగు మందిమి ఆ తలుపు ముందు నిలబడి చర్చించుకున్నాం. తాళం పగలగొడదామా? ఆయన ఏమనుకుంటారో? తీర్మానం లేకుండా ఎలా? లోపల బియ్యం ఉంది, బయట ఆకలి ఉంది, మధ్యలో ఒక తాళంకప్ప ఉంది. నమ్మండి, రెండు రోజులు అలాగే గడిపేశాం. చదువుకున్నవాళ్ళం, ఇద్దరు ఇంజనీర్లు కూడా ఉన్నారు. నేను మాత్రం ఏం చేశాను? నేనూ అతిథిని కదా, నాకెందుకులే అని ఊరుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడో రోజు కాలనీకి నీళ్ళు మోసే కుర్రాడు ఒక రాయి తీసుకుని రెండు దెబ్బలు కొట్టాడు. అంతే. రెండు దెబ్బలు. అధ్యక్షులవారు తిరిగొచ్చాక ఏమన్నారో తెలుసా? ఇంత ఆలస్యం ఎందుకు చేశారండీ అన్నారు.

మనుషుల్లో ధైర్యం లేక కాదు. ఎవరు నిర్ణయించవచ్చో ముందుగా రాసుకోకపోవడం వల్ల. అందుకని మీ సంఘాల తీర్మానాల పుస్తకంలో ఈ నెలలోనే ఒక తీర్మానం రాయండి. నేను చదువుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. "తుపాను, వరద, అగ్నిప్రమాదం వంటి సమయాల్లో అధ్యక్షులతో గాని, కార్యదర్శితో గాని ఆరు గంటల పాటు మాట అందకపోతే, అక్కడ ఉన్న ఏ ఇద్దరు సభ్యులైనా కలిసి సంఘం గోదాము తెరవవచ్చు, సంఘం సొమ్ములో 5,000 రూపాయల వరకు ఖర్చు చేయవచ్చు. ఖర్చును అదే రోజు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి." అంతే. ఆరు గంటలు అన్నది నాలుగు చేసుకోండి, 5,000 అన్నది పది వేలు చేసుకోండి, అది మీ ఇష్టం. కానీ అంకె ఉండాలి. తగినంత, అవసరాన్ని బట్టి అని రాశారనుకోండి, ఆ తలుపు ముందు నిలబడి మళ్ళీ చర్చే.

ఆ సొమ్ము బ్యాంకులో ఉంటే ఉపయోగం లేదు. కరెంటు లేకపోతే ఏటీఎం లేదు, ఫోను లేకపోతే మీ స్కానింగు చెల్లింపులూ లేవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొంత నగదు, చిన్న నోట్లలో, ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి.

సొమ్ము మాట వచ్చింది కాబట్టి అమెరికా మాట కూడా చెబుతాను. తుపాను అనగానే అక్కడున్న మన పిల్లలు ఫోను చేస్తారు. అమ్మా, మా తెలుగువాళ్ళమంతా చందాలు వేశాం, మీ సంఘం ఖాతా నంబరు పంపు అంటారు. మనసు మంచిదే. కానీ విదేశీ విరాళాల చట్టం ఒకటి ఉంది, 2010 నాటిది, 2020లో ఇంకా బిగించారు. ఆ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. నమోదైన సంస్థ అయినా ఆ సొమ్మును ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. ఆ సంస్థ తీసుకుని మనకు పంచిపెట్టడానికి కూడా వీల్లేదు. కాబట్టి తుపాను రోజున ఆవేశంగా ఖాతా నంబరు పంపకండి. నమోదైన పెద్ద సంస్థ ఏదైనా మన ప్రాంతంలో నేరుగా పని చేస్తుందా అన్నది ఇప్పుడే, వాన లేనప్పుడే తెలుసుకోండి, పిల్లలకు ఆ పేరు చెప్పండి.

ఇక జాబితాకు వద్దాం. కాగితం మీద ఉంటే సరిపోతుందా? సరిపోదని నాకు 2024లో తెలిసింది.

సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ. అందరూ కృష్ణ వైపు చూస్తున్నారు. చూడరా మరి! మర్నాటికి ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి, కట్టినప్పటి నుంచీ అంత ఎన్నడూ లేదు. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు అనే వాగు. ఊరంతా ముందు వాకిలి కాపలా కాస్తుంటే నీళ్ళు పెరటి తలుపులోంచి వచ్చాయి. మీ ఊళ్ళో కూడా ఒక బుడమేరు ఉంటుంది. డ్రెయిను కావచ్చు, మురుగు కాలువ కావచ్చు, గండి పడి పైపైన పూడ్చిన కట్ట కావచ్చు. అది ఎక్కడుందో పెద్దవాళ్ళకు తెలుసు. అడిగి రాసుకోండి.

మేం రెండో రోజు వెళ్ళాం. రెండు వేల పులిహోర పొట్లాలు కట్టించుకుని వెళ్ళాం. వంట మనిషి వద్దంటూనే ఉన్నాడు, ఆరనివ్వండమ్మా అన్నాడు. తొందర. వేడి వేడిగా కవర్లలో కట్టేశాం. చింతపండు ఉంది కదా, నిలుస్తుందనుకున్నాం. మూత వేసిన వేడికి చింతపండు ఏం చేస్తుంది? అక్కడికి వెళ్ళేసరికి సగం పాసిపోయింది. మిగతా సగం ఎక్కడ పంచాం? పెద్ద రోడ్డు మీద. ఎందుకు? మా లారీ అక్కడి దాకే వెళ్ళింది కాబట్టి. అందరి లారీలూ అక్కడి దాకే వెళ్ళాయి. ఆ రోడ్డు మీద ఒక్కో మనిషి చేతిలో నాలుగేసి పొట్లాలు. లోపలి సందుల్లో మూడేసి అడుగుల నీళ్ళు, రెండో అంతస్తు నుంచి బక్కెట్టుకు తాడు కట్టి కిందికి వదిలి ఎదురుచూస్తున్న ఇళ్ళు. ఆ బక్కెట్లు ఖాళీగా వేలాడుతుంటే చూశాను. చెప్పుకోవడానికి మాత్రం రెండు వేల పొట్లాలు పంచాం.

మా దగ్గర అక్కడి సంఘంవాళ్ళు ఇచ్చిన జాబితా ఉంది, కాగితం మీదే ఉంది. ఇంటి యజమానుల పేర్లు ఉన్నాయి. అద్దెకున్నవాళ్ళ పేర్లు లేవు. ఇంటి నంబర్లు ఉన్నాయి. ఏ అంతస్తో లేదు. ఒక ఇంట్లో చక్కెర జబ్బున్న పెద్దావిడ, రోజూ ఇన్సులిను తీసుకోవాలి, ఫ్రిజ్‌కు కరెంటు లేదు. ఆవిడ పేరు ఆ జాబితాలో లేదు, ఎందుకంటే ఇల్లు కొడుకు పేరు మీద ఉంది. పక్కింటి అమ్మాయి చెబితే తెలిసింది. ఆ పక్కింటి అమ్మాయే తెలివిగా ఇన్సులిను సీసాను నీళ్ళు తగలకుండా కవర్లో చుట్టి, తడి గుడ్డ కప్పిన మట్టి కుండలో పెట్టి కాపాడింది. ఫ్రిజ్ లేనప్పుడు మంచి ఉపాయం అదే, మీరూ గుర్తుంచుకోండి.

చూశారా? జాబితా ఎవరి దగ్గర ఉంది? ఆ అమ్మాయి తలలో ఉంది. ఇంటి పన్ను పుస్తకం చూసి జాబితా రాస్తే ఇళ్ళు వస్తాయి, మనుషులు రారు. జాబితాను పక్కింటివాళ్ళు రాయాలి. నా పద్ధతి చెబుతాను. ప్రతి సభ్యురాలూ తన కుడి పక్క అయిదు ఇళ్ళు, ఎడమ పక్క అయిదు ఇళ్ళు రాస్తుంది. ఎంతమంది పడుకుంటారు ఆ ఇంట్లో? ఎంతమంది ఉంటారు అని అడగకండి, రేషను కార్డు లెక్క చెబుతారు. రాత్రి ఎంతమంది పడుకుంటారు అని అడగండి. లేవలేనివాళ్ళు ఎవరు? నెలలు నిండినవాళ్ళు ఎవరు? రోజూ మందు వేసుకునేవాళ్ళు ఎవరు, ఏ మందు? వినబడనివాళ్ళు ఎవరు? మైకులో ఎంత అరిచినా వాళ్ళకు తెలియదు కదా, వెళ్ళి భుజం తట్టాలి. గొడ్లు ఎన్ని? పలుపులు ఎవరు విప్పుతారు? కట్టేసి ఉన్న గొడ్డు ఈదలేదు. ఆ ఇంటివాళ్ళు ఊరు విడిచి వెళ్ళాల్సి వస్తే ఎవరి ఇంటికి వెళతారు? కోతలకు వచ్చినవాళ్ళు, ఇటుక బట్టీల్లో ఉన్నవాళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉన్నవాళ్ళు. వీళ్ళ పక్కన ఇల్లు ఉండదు, కాబట్టి ఎవరూ రాయరు. వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక పేజీ.

ఇది ఇంటి గుట్టు కూడా, జాగ్రత్త. ఎవరి జబ్బు ఏమిటో రాసిన పుస్తకాన్ని అరుగు మీద పడేయకూడదు. రెండు ప్రతులు చేయండి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆశా కార్యకర్త దగ్గర. మడత పెట్టి ప్లాస్టిక్ కవర్లో. ఫోనులో ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి, దయచేసి.

ఎవరో చేయి ఎత్తారు. ఏమిటి బాబూ? ఆ, ఇదంతా ప్రభుత్వం చేయాలి కదా అంటున్నాడు. చేయాలి. చేస్తోంది కూడా. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది, జిల్లాకో యంత్రాంగం ఉంది. జిల్లా కంట్రోలు రూముకు 1077, రాష్ట్రానిది 1070. వాతావరణ శాఖ నాలుగు మెట్లలో చెబుతుంది. మూడు రోజుల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి, ఒక రోజు ముందు ఒకటి, తీరం దాటడానికి పన్నెండు గంటల ముందు ఇంకొకటి. 1977లో ఇందులో నాలుగో వంతైనా ఉంటే మనం ఇక్కడ ఈ మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆపద మిత్ర అని పథకం పెట్టారు, 2016లో ముప్పై జిల్లాల్లో మొదలై తరవాత 350 జిల్లాలకు, లక్ష మందికి పెరిగింది. అందులో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. అలాంటి శిక్షణ పెట్టినప్పుడు మీ సంఘం నుంచి ఇద్దరిని ఎక్కించండి. అబ్బాయిలనే కాదు. అయినా నీ ఇంటి పక్క ముసలమ్మ రాత్రి ఎక్కడ పడుకుంటుందో కలెక్టరుగారికి ఎలా తెలుస్తుంది బాబూ?

అబ్బాయిలనే కాదు అన్నాను. బంగ్లాదేశ్ సంగతి చెబుతాను. 1970లో అక్కడ వచ్చిన తుపానులో మూడు లక్షల మందికి పైగా పోయారు. 1972లో వాళ్ళు ఊరూరా వాలంటీర్లను తయారు చేయడం మొదలుపెట్టారు. సాధనాలేమిటి? చేతి మైకు, చేత్తో తిప్పే సైరను, జెండాలు. ఒక జెండా కనిపిస్తే ఒక అర్థం, మూడు జెండాలు కనిపిస్తే ఇల్లు వదిలి వెళ్ళిపోవాలని. కరెంటు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. అయినా 1991లో మళ్ళీ లక్షకు పైగా పోయారు, అందులో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే బాగా ఎక్కువ. హెచ్చరిక మగవాళ్ళు తిరిగే చోటికి చేరింది, ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంటాయన వచ్చి చెప్పేదాకా కదలలేదు. ఇప్పుడు అక్కడి వాలంటీర్లు 70 వేలకు పైనే, వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. ఇంటి లోపలికి వెళ్ళి, బిడ్డను ఇలా ఇవ్వు, నువ్వు లే అనగలిగేది ఇంకో ఆడదే. 2020లో వచ్చిన ఆంఫాన్ తుపానులో అక్కడ పోయినవాళ్ళు ముప్పై లోపే. షెల్టర్లు కట్టారు, కట్టలు పోశారు, అవన్నీ ఉన్నాయి, ఒక్క వాలంటీర్ల వల్లే అనను. కానీ షెల్టరుకు కాళ్ళు ఉండవు కదా, మనిషిని నడిపించేవాళ్ళు ఉండాలి.

అంత దూరం ఎందుకు, ఒడిశాకు రండి. గంజాం జిల్లాలో వెంకటరాయిపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లాలో నోలియాసాహి. 2020లో ఈ రెండు ఊళ్ళనూ సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా యునెస్కో గుర్తించింది, మన దేశంలో మొదటిసారి. నోలియాలంటే ఎవరు? ఒడిశా తీరంలో తెలుగు మాట్లాడే జాలర్లు. మనవాళ్ళే. వాళ్ళు ఎటు పరుగెత్తాలో పటం గీసుకున్నారు, బోర్డు పెట్టుకున్నారు, అభ్యాసం చేశారు. ఆ బోర్డు ఖరీదు ఎంత ఉంటుందంటారు?

అభ్యాసం మాట వచ్చింది. పోయిన ఏడు మేం మా వీధుల్లో ఒకటి చేశాం. ముందుగా అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించాం. కుర్రాళ్ళ బాధ చూడాలి, ప్రాణం తీసి బుట్టలో వేసినట్టే. తరవాత ఒక కబురు చెప్పాం. "రేపు సాయంత్రం లోపు అందరూ బడికి చేరాలి." ఈ మాట నోటి మాటగా నలభై ఇళ్ళకు చేరాలి. ఎంతసేపు పట్టిందంటారు? మూడు గంటలు! అంతకన్నా తమాషా, చివరి ఇంటికి వెళ్ళేసరికి "రేపు సాయంత్రం అందరూ బడికి చేరాలి" అయింది. లోపు పోయింది. ఒక్క మాట. సాయంత్రం లోపు అంటే పొద్దున్నే బయలుదేరతారు. సాయంత్రం అంటే మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి, అప్పుడు చూద్దామంటారు. ఆ పాటికి రోడ్డు మీదికి నీళ్ళు వచ్చేస్తాయి. అందుకని రెండోసారి చీటీ రాసి పంపాం, చదవలేనివాళ్ళకు తీసుకెళ్ళినవాళ్ళు చదివి వినిపించారు. గంటలోపు అయిపోయింది.

టైము చూసుకుంటున్నాను, ఇంకా కొన్ని చెప్పాలి, త్వరగా చెబుతాను.

కుర్రాళ్ళూ, మీకు. ప్రవాహం మోకాలు దాటితే దిగకండి. నడుముకు తాడు కట్టుకుని దూకడం సినిమాలో బాగుంటుంది. నిజం ప్రవాహంలో ఆ తాడే మిమ్మల్ని నీళ్ళ కిందికి పట్టి ఉంచుతుంది. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల క్యానుకు తాడు కట్టి విసరండి, మునిగేవాడు దాన్ని పట్టుకుంటాడు. జనరేటరును ఇంటి వైరింగుకు నేరుగా కలపకండి, ఆ కరెంటు వెనక్కి స్తంభం ఎక్కి, అక్కడ తీగలు బాగుచేస్తున్న లైన్‌మన్‌ను చంపుతుంది. మూసిన గదిలో జనరేటరు పెట్టకండి, దాని పొగలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు.

పాము. మన ప్రాంతంలో నీళ్ళు వస్తే పాములూ వస్తాయి, వేరే చెప్పాలా? గాటు పెట్టడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం, ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి. ఏ ఆసుపత్రికి? పాము కాటు మందు ఎక్కడ ఉందో, రోడ్డు మునిగితే అక్కడికి పడవ దారి ఏదో ఇప్పుడే అడిగి పుస్తకంలో రాయండి.

నీళ్ళు. షెల్టరులో మనిషికి రోజుకు తాగడానికి, వండడానికి, కడుక్కోవడానికి కలిపి కనీసం 15 లీటర్లు. అంతర్జాతీయంగా సహాయ సంస్థలు పెట్టుకున్న లెక్క అది. రెండు వందల మంది అంటే మూడు వేల లీటర్లు, ఒక్క రోజుకు. మీ బడి మీద ట్యాంకు ఎంతదో చూడండి. క్లోరిను బిళ్ళలు ఎన్ని లీటర్లకు ఎన్నో ఆ పొట్లం మీదే రాసి ఉంటుంది, చదివి వేసి అరగంట ఆగండి. మరుగుదొడ్లు మొదట్లో యాభై మందికి ఒకటైనా ఉండాలంటారు. మన బడుల్లో తాళం వేసి ఉంటాయి, తాళంచెవి హెడ్‌మాస్టరు దగ్గర ఉంటుంది. నేనూ హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను, నా దగ్గరే ఉండేది, నన్నే తిట్టుకుంటున్నాను. మరుగుదొడ్డికి దారి లేకపోతే ఆడవాళ్ళు ఏం చేస్తారో ఇక్కడున్న అమ్మలందరికీ తెలుసు. నీళ్ళు తాగడం మానేస్తారు. ఆ దారిలో ఒక దీపం, లోపల ఒక గడియ. దీనికి ఏ పథకమూ అక్కర్లేదు.

పాత బట్టల గురించి ఒక్క మాట. పంపకండి. పంపాలనిపిస్తే లంగాలు, లోదుస్తులు, తువ్వాళ్ళు, శానిటరీ న్యాప్‌కిన్లు, కొత్తవి కొని పంపండి. చిరిగిన చొక్కాల మూటలు రోడ్డు పక్కన తడిసి కుళ్ళిపోవడం ప్రతి తుపానుకూ చూస్తున్నాను.

సరే. ఇప్పుడు మన అమ్మాయిలు మీ చేతికి పుస్తకాలు ఇస్తున్నారు. పదేసి రూపాయల నోటు పుస్తకాలే, ఏమీ గొప్పవి కావు. మొదటి పేజీలో మీ పేరు, వీధి. రెండో పేజీలో మీ కుడి పక్క ఇల్లు. రాత్రి ఎంతమంది పడుకుంటారు? తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టండి, ఇంటికి వెళ్ళాక అడిగి దిద్దండి. ప్రశ్నార్థకాలు ఎక్కువ వస్తే సిగ్గుపడకండి, మొదటిసారి నా పుస్తకంలో పదికి ఆరు వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలోనే ఉంటున్నాను.

భోజనాలు ఒంటిగంటకు. అంతలోపు కుడి పక్క అయిదు ఇళ్ళూ అవ్వాలి. లోపు అన్నాను, విన్నారు కదా? పెన్ను లేనివాళ్ళు చేయి ఎత్తండి.